షాపులో నాలుగంగుళాలే అన్నారు: క్యాట్‌ఫిష్ ట్యాంక్‌లో గప్పీలు మాయమవుతున్నాయి, సాయం చేయండి

కొత్త_తొట్టి (నిజాంపేట) | ఫిబ్రవరి 16, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు. సంక్రాంతి సెలవుల తరవాత మా పాప పోరు పడలేక మూడడుగుల ట్యాంక్ కొన్నాం (36 x 18 x 18 అంగుళాలు). అదే రోజు చేపలూ తెచ్చేశాం. గప్పీలు (చిన్న రంగు చేపలు) 12, వెండిలా మెరిసే ‘షార్క్’లు 2, గాజుకి అతుక్కునే సక్కర్ 1, కోరీలని బిల్లు మీద రాసిన గోధుమరంగు చిన్న మీసాల చేపలు 2. వీటికి తోడు ‘ఇది కూడా తీసుకెళ్ళండి, అడుగున చెత్తంతా తినేస్తుంది, ట్యాంక్ కడిగే పనే ఉండదు’ అంటూ ఇంకో మీసాల చేప ఇచ్చారు. నాలుగంగుళాలకి మించి పెరగదట.

ఇప్పుడు గప్పీలు అయిదే ఉన్నాయి. చచ్చిపోతే శవమైనా కనబడాలి కదా, అదీ లేదు. పైన మూత ఉంది, దూకే వీల్లేదు. ఫిల్టర్ విప్పి చూశాను, అందులోనూ లేవు. మా అత్తగారు పక్కింటి పిల్లి పనే అంటున్నారు. పాప రోజూ స్కూలు నుంచి రాగానే లెక్కపెడుతోంది. నాకు టెన్షన్‌గా ఉంది.

నైట్‌షిఫ్ట్ (గచ్చిబౌలి) | ఫిబ్రవరి 16, ఉదయం 7:32

అత్తగారు చెప్పింది కరెక్టే మేడమ్. పిల్లి పనే. కాకపోతే పక్కింటిది కాదు, ట్యాంక్ లోపలిదే.

ఆ ‘ఇంకో మీసాల చేప’ ఎలా ఉంటుందో చెప్పండి.

కొత్త_తొట్టి | ఫిబ్రవరి 16, ఉదయం 7:50

వీపు నల్లగా ఉంటుంది. పక్కన మూతి నుంచి తోక దాకా తెల్ల పట్టీ. తోక నారింజ రంగుకీ ఎరుపుకీ మధ్యలో. మీసాలు ఆరు. తెచ్చినప్పుడు నా చూపుడువేలంత ఉంది, ఇప్పుడు దానికి సగం ఎక్కువైంది. పగలంతా పైపు బొమ్మలో దూరి పడుకుంటుంది. మీసాలున్నాయని పాప దానికి ‘బుజ్జి తాత’ అని పేరు పెట్టింది. చాలా సాధువు.

బాదమాకు (సికింద్రాబాద్) | ఫిబ్రవరి 16, ఉదయం 9:15

అమ్మా, అది రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్. అమెజాన్, ఒరినోకో నదుల చేప. పెద్దదైతే మీటరు దాటుతుంది. మీ ట్యాంక్ పొడవు 90 సెంటీమీటర్లు. అంటే చేప కంటే ట్యాంకే చిన్నది. బాగా తింటే ఏడాదిలో అడుగు దాటేస్తుంది.

క్యాట్‌ఫిష్ నోరు మూసి ఉన్నప్పుడు చూసి మోసపోకూడదు. తెరిస్తే తల వెడల్పంతా నోరే. నోట్లో పట్టే ప్రతిదీ దానికి మేతే. అది కావాలని చేసే దుర్మార్గం కాదు, రాత్రిపూట మీసాలకి తగిలింది మింగడమే దాని బతుకు. ఈ రాత్రి లైటు తీసేసిన గంటకి సెల్‌ఫోన్ టార్చికి ఎర్ర గుడ్డ కప్పి చూడండి. మామూలు వెలుతురు వేస్తే చేపలు బెదురుతాయి.

మిగతా అయిదు గప్పీలనీ ఇవాళే బకెట్‌లోకి తీసి, గాలి పంపు పెట్టండి.

కొత్త_తొట్టి | ఫిబ్రవరి 17, ఉదయం 6:05

చూశాను సార్. నిద్ర పట్టలేదు.

గప్పీలు నాలుగింటిని తీశాను, ఒకటి మొక్కల్లోకి దూరి దొరకలేదు. పదకొండున్నరకి టార్చి వేశాను. బుజ్జి తాత బయటికొచ్చి ఇసుక మీద మెల్లగా తిరుగుతున్నాడు, మీసాలు ముందుకి చాచి, చీకట్లో గోడ తడుముకుంటూ నడిచినట్టు. గప్పీ పై మూలలో నిద్రపోతోంది. తాత కింద నుంచి నిలువుగా లేచాడు. నోరు తెరవడం నేను చూడలేదు. గప్పీ ఉంది, మరుక్షణం లేదు. నీళ్ళు కదిలినట్టు కూడా లేదు. మళ్ళీ వెళ్ళి పైపులో పడుకున్నాడు.

పాపకి ఇంకా చెప్పలేదు.

ఇంకో సంగతి. కంగారులో గది లైటు వేశాను. షార్క్‌లు రెండూ వెళ్ళి గాజుకి దభీమని కొట్టుకున్నాయి. ఒకటి అడుగున పక్కకి ఒరిగి పడిపోయింది. చచ్చిపోయిందనుకున్నా. రెండు నిమిషాలకి లేచి ఈదడం మొదలుపెట్టింది.

ఆస్కార్_అన్న (ఉప్పల్) | ఫిబ్రవరి 17, ఉదయం 10:20

ఇంత భయపెట్టడం ఎందుకు? చేప ట్యాంక్ సైజుని బట్టే పెరుగుతుంది. నేను ఆస్కార్ చేపలు, రెడ్‌టెయిళ్ళు పదేళ్ళుగా పెంచుతున్నా. గప్పీలు తీసేస్తే సరిపోయె. మెల్లగా పెద్ద ట్యాంక్ తీసుకోండి మేడమ్.

బాదమాకు | ఫిబ్రవరి 17, ఉదయం 11:02

అన్నా, ‘ట్యాంక్‌ని బట్టి పెరగడం’ అంటూ ఏదీ లేదు. ఇరుకులో, పాడైన నీళ్ళలో ఎదుగుదల గిడసబారుతుంది, వెన్ను వంకర పోతుంది, చివరికి తొందరగా చచ్చిపోతుంది. దాన్నే మనం ‘సర్దుకుంది’ అనుకుంటాం. మీ రెడ్‌టెయిల్ ఇప్పుడెంత ఉంది, ఎందులో ఉంది? అడగడానికే అడుగుతున్నా, ఎత్తిపొడుపు కాదు.

ఆస్కార్_అన్న | ఫిబ్రవరి 17, మధ్యాహ్నం 1:40

సరే, ఉన్నమాట చెప్తా. ఆరడుగుల ట్యాంక్‌లో ఉండేది. రెండేళ్ళకి రెండడుగులు దాటింది. వెనక్కి తిరగాలంటే ఒళ్ళు విల్లులా వంచేది. ఒక రాత్రి తోకతో కొడితే హీటర్ పగిలింది. నీళ్ళలో చెయ్యి పెట్టకముందే మా ఆవిడ మెయిన్ ఆఫ్ చేసింది కాబట్టి ఇవాళ ఈ పోస్టు రాస్తున్నా. తరవాత పొలంలో సిమెంటు తొట్టి ఉన్నాయనకి ఇచ్చేశా. నేను చెప్పేది, మూడు నాలుగు నెలలు ఆగొచ్చు, ఇవాళే గగ్గోలు పెట్టక్కర్లేదని.

నైట్‌షిఫ్ట్ | ఫిబ్రవరి 17, మధ్యాహ్నం 1:44

అన్నా, పదేళ్ళ అనుభవం అంటే హీటర్ కథ కూడా ముందే చెప్పాలి.

కొల్లేటి_గట్టు (కేపీహెచ్‌బీ) | ఫిబ్రవరి 17, రాత్రి 9:30

షార్క్‌ల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను. మాది కైకలూరు దగ్గర. మీరు ‘షార్క్’ అంటున్నదాన్ని మా వైపు ఫంగస్ చేప అంటారు. అసలు పేరు పంగాసియస్, నోరు తిరక్క ఫంగస్ అయింది. అది షార్కూ కాదు, బొమ్మ చేపా కాదు. మెకాంగ్ నదిది, మీటరు పైన పెరుగుతుంది. మా బాబాయి దాన్ని ఎకరాల చెరువులో వేస్తాడు. ఏడాది తిరక్కుండా కిలో దాటుతుంది, ఐసు వేసి లారీకెత్తి పంపేస్తారు. చెరువు మీద చూస్తే, మేత చల్లగానే నీళ్ళు ఉడికినట్టు పైకొస్తాయి. గుంపు చేప అది, వందల్లో తిరుగుతుంది. రెండింటిని గాజు పెట్టెలో పెడితే బతికినన్నాళ్ళూ బెదురే. కంటిచూపు అంతంత మాత్రం, చిన్న చప్పుడైనా ఎటు పడితే అటు దూసుకుపోతుంది. మూతులు చూడండి, ఎర్రగా కందిపోయి ఉంటాయి.

ఇంతకీ నా చిన్న సందేహం. పులుసుకి పనికొచ్చే సైజు రాగానే...

కొత్త_తొట్టి | ఫిబ్రవరి 17, రాత్రి 9:41

దయచేసి ఆ మాట అనకండి. వాటి పేర్లు చింటూ, పింటూ.

బాదమాకు | ఫిబ్రవరి 17, రాత్రి 9:55

సరదాకైనా ఎవరూ ఆ పని చేయకండి. మనం ట్యాంక్‌లో వేసే మిథిలీన్ బ్లూ, మలకైట్ గ్రీన్ లాంటి మందులు తినే చేపలకి వాడేవి కావు.

కొత్త_తొట్టి | ఫిబ్రవరి 18, ఉదయం 8:15

మూతులు చూశాను. ఒకదానికి పై పెదవి తెల్లగా ఊడినట్టుంది.

మా వారు అంటున్నారు, రెడ్‌టెయిల్, షార్క్‌లు, సక్కర్ అన్నీ తీసుకెళ్ళి ఆదివారం ఏదైనా చెరువులో వదిలేద్దామని. ‘పాపం స్వేచ్ఛగా బతుకుతాయి, పుణ్యం కూడా’ అని. పాపకి కూడా అలా చెప్తే ఏడవదేమో. షాపు వాళ్ళని అడిగితే వెనక్కి తీసుకోం అన్నారు.

బాదమాకు | ఫిబ్రవరి 18, ఉదయం 8:40

వద్దు. మీ వారికి నా మాటగా చెప్పండి. ఈ ఒక్కటీ మాత్రం చేయకండి.

మీ ఇంట్లో సక్కర్ ఉంది చూశారా, గాజుకి అతుక్కుని పాపం అన్నట్టు ఉంటుందే, అదే కృష్ణా నదిలో జాలర్ల పాలిట శనిలా దాపురించింది. వాళ్ళు దెయ్యం చేప అంటున్నారు. ఒళ్ళంతా ఎముక పెంకు, రెక్కల్లో రంపం లాంటి ముళ్ళు. వలలో పడితే విడదీయడానికి వల కోయాల్సిందే. అమ్ముడుపోదు, ఇంకో చేప దాని జోలికి పోదు. గట్టుల్లో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. దక్షిణ అమెరికా చేప ఇక్కడికి తనంతట తాను ఈదుకుంటూ రాలేదు కదా, అక్వేరియంల నుంచే వచ్చింది. మన ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్ళు చెరువుల్లో నీళ్ళు తీసి, ఆ నీళ్ళలో కలిసిన డీఎన్ఏని బట్టి ఈ చేప ఎక్కడెక్కడ ఉందో వెతికారు. తూర్పు కనుమల్లో చూసిన నీటి వనరుల్లో 60 శాతం చోట్ల దాని జాడ ఉంది. చేప కంటికి కనబడకపోయినా నీళ్ళు చెప్పేస్తున్నాయి.

కొల్లేటి_గట్టు | ఫిబ్రవరి 18, ఉదయం 9:05

దీనికి నేను సాక్ష్యం. మా చెరువులోకి కాలవ నీటితో వచ్చిపడ్డాయి. పట్టుబడి రోజు వలలో బొచ్చెలతో పాటు ఇవి ముప్పై నలభై. గట్టు మీద పడేస్తే గంటల తరవాత కూడా కదులుతున్నాయి.

పాతబస్తీ_ఫిష్‌రూమ్ (శాలిబండ) | ఫిబ్రవరి 18, రాత్రి 11:50

సలామ్. ఇప్పుడే దుకాణం కట్టేసి చూస్తున్నా. మేడమ్, మీరు పరేషాన్ కావొద్దు. రెడ్‌టెయిల్ని నేను తీసుకుంటా. నాకు తెలిసిన భాయ్‌కి షాద్‌నగర్ వైపు ఫామ్‌హౌస్‌లో పెద్ద సిమెంటు హౌజ్ ఉంది, అందులో రెండున్నాయి ఇలాంటివే. షార్క్‌లు కూడా అక్కడికే. పైసలు ఇచ్చేది లేదు, తీసుకునేది లేదు.

తెచ్చేటప్పుడు జాగ్రత్త. కవర్లో వద్దు. క్యాట్‌ఫిష్ వీపు రెక్కకి, పక్క రెక్కలకి ముందు ఒక్కో ముల్లు ఉంటుంది. భయపడితే అది నిలబెట్టి తాళం వేసినట్టు బిగించేస్తుంది. కవర్ చిల్లు పడుతుంది, మీ వేలికి గుచ్చుకుంటుంది. వల కూడా వద్దు, అందులో చిక్కుతుంది. మూత ఉన్న బకెట్‌ని నీళ్ళలో ముంచి చేపని అందులోకి తోలండి. మూతకి రెండు చిల్లులు. తెచ్చే రోజుకి ముందు ఒక రోజు మేత పెట్టొద్దు, లేకపోతే దారిలో కక్కుకుంటుంది.

సక్కర్ ఎంత ఉంది?

కొత్త_తొట్టి | ఫిబ్రవరి 19, ఉదయం 7:00

చాలా థాంక్స్ భాయ్. సక్కర్ అయిదంగుళాలు. దాన్నైనా ఉంచుకోవచ్చా? గాజు అదే కదా శుభ్రం చేసేది.

పాతబస్తీ_ఫిష్‌రూమ్ | ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 12:15

చిన్నప్పుడు చేస్తుంది. పెద్దగైతే అడుగున్నర. అప్పుడు నాచు తినేది తక్కువ, పెంట వేసేది ఎక్కువ. రాత్రి మందకొడి చేపల ఒంటికి అతుక్కుని జిగురు పీలుస్తుంది, గోల్డ్‌ఫిష్‌లకైతే మచ్చలు పడతాయి. అది కూడా ఇచ్చేయండి. మీకు గాజుకి అంటుకునేదే కావాలంటే బ్రిసిల్‌నోజ్ అనే చిన్న రకం ఇస్తా. అయిదారు అంగుళాలకి ఆగుతుంది. మగదానికి మూతి మీద కొమ్మల్లాగ మొలుస్తాయి, పాపకి నచ్చుతుంది. దానికి ఒక డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంక్‌లో వేసే కర్ర) ముక్క పెట్టాలి, గీక్కుంటూ ఉంటుంది. రాత్రి కీరా ముక్కో, ఉడకబెట్టిన సొరకాయ ముక్కో ఫోర్కుకి గుచ్చి వేయండి. పొద్దున్నే తీసేయాలి, మరిచిపోతే నీళ్ళు కంపు.

టీడీఎస్_మాస్టర్ (వనస్థలిపురం) | ఫిబ్రవరి 19, రాత్రి 8:30

అందరూ చేపల గురించే మాట్లాడుతున్నారు, నీళ్ళ గురించి ఒక్కరూ అడగలేదు. ట్యాంక్ కొన్న రోజే చేపలు వేశారన్నారు. నీళ్ళు బోరువా, మంజీరా కుళాయివా?

కొత్త_తొట్టి | ఫిబ్రవరి 19, రాత్రి 8:44

బోరు, ఎండాకాలం ట్యాంకర్. కుక్కర్ అడుగున తెల్లగా పొర కడుతుంది. షాపులో యాంటీ క్లోరిన్ చుక్కలు ఇచ్చారు, అవి వేస్తున్నా. వారం వారం నీళ్ళన్నీ తీసేసి కడిగి మళ్ళీ నింపుతున్నాం.

టీడీఎస్_మాస్టర్ | ఫిబ్రవరి 19, రాత్రి 9:20

నీళ్ళన్నీ తీసి కడగడం ఇవాళ్టి నుంచి మానేయండి. కొంచెం ఓపిగ్గా చదవండి, నేను కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి, క్లుప్తంగా చెప్పడం చేతకాదు.

చేప విసర్జించేది, తినకుండా మిగిలిన మేత కుళ్ళితే వచ్చేది అమ్మోనియా. ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, దాన్ని మళ్ళీ నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషం, మూడోది కొంతవరకు ఫరవాలేదు. ఈ బ్యాక్టీరియా సంసారం స్థిరపడాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు. మీరు వారం వారం ఫిల్టర్‌ని కుళాయి కింద తోమితే ప్రతిసారీ ఆ సంసారం గంగలో కలిసినట్టే. స్పాంజిని ట్యాంక్‌లోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి పెట్టేయాలి. నీళ్ళు వారానికి పావు వంతు మారిస్తే చాలు.

బోరు నీళ్ళతో ఒక చిక్కుంది. పీహెచ్ ఎక్కువ. అమ్మోనియాలో విషంగా ఉండే వాటా పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక వంతు కూడా ఉండదు, 8 దగ్గరికి వచ్చేసరికి అయిదు వంతులు దాటుతుంది. నీళ్ళు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. అంటే అంతే మురికి, మంజీరా నీళ్ళు వచ్చే ఇంట్లో చేపల్ని చంపదు, మీ ఇంట్లో చంపుతుంది. అందుకే మేత తగ్గించడం మీకు అందరికంటే ముఖ్యం.

ఆ చుక్కలు క్లోరిన్‌కే. ఉప్పదనాన్ని, గట్టిదనాన్ని ఏమీ చేయవు. మా ఇంట్లో బోరు నీళ్ళు టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచేది) మీద 920 చూపిస్తాయి. నేను ఆర్వో నీళ్ళు సగం కలుపుతా. గప్పీలకి గట్టి నీళ్ళు ఇష్టమే. మీ కోరీలు బ్రాంజ్ కోరీలైతే అవీ ఓర్చుకుంటాయి. గ్లాస్ క్యాట్‌ఫిష్, నియాన్ టెట్రా లాంటివి మాత్రం మీ బోరు నీళ్ళలో పెట్టకండి.

నైట్‌షిఫ్ట్ | ఫిబ్రవరి 19, రాత్రి 11:58

గ్లాస్ క్యాట్‌ఫిష్ మాట వచ్చింది కాబట్టి. నా దగ్గర ఎనిమిది ఉన్నాయి, సొసైటీకి మంజీరా నీళ్ళు వస్తాయి. ఒళ్ళంతా అద్దం, వెన్నెముక పళ్ళదువ్వెనలా కనబడుతుంది, పేగులన్నీ తల వెనకే చిన్న వెండి సంచీలో. మొదట రెండే తెచ్చాను, మూలకి నక్కి తిండి మానేశాయి. ఆరు కలిపాక అన్నీ ఒకే వైపు తల పెట్టి ప్రవాహానికి ఎదురు నిలబడడం మొదలుపెట్టాయి. అమెరికా కాల్స్ అయ్యాక రాత్రి రెండు గంటలకి వాటి ముందు కూర్చుంటా. ఒంటరిగా ఉంచాల్సిన చేప కాదు.

బాదమాకు | ఫిబ్రవరి 20, ఉదయం 6:30

ఇదే మాట కోరీలకీ. అమ్మా, మీ రెండు కోరీలకి ఇంకో నాలుగైనా జత చేయండి. పెద్దవన్నీ వెళ్ళాక మీ ట్యాంక్‌లో ఎనిమిది కోరీలు, గప్పీలు, ఒక బ్రిసిల్‌నోజ్ హాయిగా పడతాయి.

నాదో విన్నపం. వాటిని చెత్త తినే చేపలని అనుకోవద్దు. కోరీ పెంట తినదు, కుళ్ళిన మేత తిని బతకదు. పై చేపలు తినగా అడుగుకి ఏమీ మిగలకపోతే దానికి ఆకలే. లైటు తీసేశాక మునిగే గుళికలు నాలుగు వేయండి. ఇన్నేళ్ళలో నేను చూసిన కోరీ చావుల్లో సగం ఆకలి చావులే, ఇంటి యజమాని మాత్రం ‘అడుగున ఏదో ఒకటి తింటుందిలే’ అంటాడు. చీపురు కొన్నట్టు చేపని కొనడం మన దగ్గర అలవాటైపోయింది.

అడుగున ఏముంది మీకు?

కొత్త_తొట్టి | ఫిబ్రవరి 20, ఉదయం 7:12

మొదట నీలం రంగు రాళ్ళు ఉండేవి. మా వారు అవి తీసి పైన అపార్ట్‌మెంట్ కడుతున్న చోట నుంచి ఇసుక తెచ్చి వేశారు. బూడిద రంగులో ఉంటుంది.

బాదమాకు | ఫిబ్రవరి 20, ఉదయం 7:20

బూడిద రంగంటే అది ఎం-శాండ్. రాయిని మిషన్లో పిండి చేసింది. వేళ్ళ మధ్య నలిపి చూడండి, గరుకుగా గుచ్చుకుంటుంది. కోరీ ఇసుకని నోట్లోకి తీసుకుని, మేత ఏరుకుని, మొప్పల్లోంచి వదిలేస్తుంది. రోజంతా అదే పని. ఎం-శాండ్ మీద నెలలు గడిస్తే మీసాలు దెబ్బతినొచ్చు. ఏటి ఇసుక సన్నజల్లెడ పట్టింది బకెట్‌డు దొరికితే చాలు. తేరుకునే దాకా కడగండి, పది పన్నెండు సార్లు పడుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూడండి, బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టు, వద్దు.

పైన రెండు ఎండిన బాదం ఆకులు వేయండి. మన వీధుల్లో గొడుగుల్లా ఉంటాయే ఆ చెట్టువి. పచ్చివి కాదు, రాలి గోధుమరంగు తిరిగినవి. కడిగి వేస్తే నీళ్ళు లేత టీ రంగుకి తిరుగుతాయి. కోరీలు వాటి కింద దూరతాయి. నా పేరు అక్కణ్ణుంచే వచ్చింది.

ఆస్కార్_అన్న | ఫిబ్రవరి 22, సాయంత్రం 5:30

పెద్దది పోతోంది కాబట్టి మేడమ్‌కి బోసిగా అనిపిస్తే తెల్ల క్యాట్‌ఫిష్ ఒకటి పెట్టుకోమనండి. మొండిది, చావదు. మొన్న ఒక షాపులో చూశా.

కొల్లేటి_గట్టు | ఫిబ్రవరి 22, సాయంత్రం 6:10

అన్నా, తెల్లగా, పాములా పొడుగ్గా, ఎనిమిది మీసాలతో ఉందా? అయితే అది క్లేరియస్ జాతిది. మన ‘మార్పు’ అనే నాటు చేపకి (మాగుర్) దాయాది. అందులో ఆఫ్రికన్ రకాన్ని మన దేశంలో పెంచడం, అమ్మడం 2000 నుంచే నిషేధం. 2019లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) కూడా ఉన్నవాటిని నాశనం చేయమంది. ఆ రకమో కాదో ఆ సైజులో మనకి తెలీదు. పైగా మూత సందు దొరికితే బయటికి పాకుతుంది. వద్దులే.

ఆస్కార్_అన్న | ఫిబ్రవరి 22, సాయంత్రం 6:25

ఈ థ్రెడ్‌లో నేను నోరు విప్పితే చాలు.

కొత్త_తొట్టి | ఫిబ్రవరి 24, రాత్రి 10:10

అప్‌డేట్. నిన్న ఆదివారం బుజ్జి తాత, చింటూ, పింటూ, సక్కర్ నాలుగూ వెళ్ళిపోయాయి. నిజాంపేట నుంచి శాలిబండ దాకా పాప బకెట్ మూత మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. భాయ్ పాపకి ఆరు కోరీ పిల్లలు ఇచ్చారు, డబ్బులు తీసుకోమంటే పాపకి చాక్లెట్ కొనమన్నారు. వాళ్ళింట్లో ఇచ్చిన బిర్యానీ సంగతి వేరే పోస్టు రాయాలి.

పాపకి నిజమే చెప్పాం. ‘తాత ఆకలేసి తిన్నాడు, తప్పు మనది’ అంది వాళ్ళ నాన్నతో. ఆయన అప్పట్నుంచి ఇసుక కడుగుతూనే ఉన్నారు.

కొత్త_తొట్టి | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 2:30

మళ్ళీ వచ్చాను. ట్యాంక్ నీళ్ళు 33 డిగ్రీలు. కోరీలు నిమిషానికోసారి పైకి దూసుకెళ్ళి గాలి మింగి కిందికి వస్తున్నాయి. మామూలుగా కూడా చేస్తాయి గానీ ఇంతలా కాదు. ఐసు ముక్కలు వేయనా?

టీడీఎస్_మాస్టర్ | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 2:41

ఐసు వద్దు. ఒక్కసారిగా చల్లబడితే అసలుకే ఎసరు. మూత తీసి, పైన వల గుడ్డ కట్టి, చిన్న టేబుల్ ఫ్యాన్ నీళ్ళ మీదికి అడ్డంగా తిప్పండి. మన దగ్గర ఏప్రిల్, మే గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కూజాలో నీళ్ళు చల్లబడ్డట్టే.

అయితే ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. తగ్గిన మేరకు మళ్ళీ బోరు నీళ్ళే పోస్తూ పోతే నెలకి ట్యాంక్ ఉప్పు కయ్య అవుతుంది. ఆవిరైన దానికి బదులు ఆర్వో నీళ్ళు పోయండి.

కోరీలు మింగిన గాలిలోని ఆక్సిజన్‌ని పేగు గోడతో తీసుకుంటాయి. కాబట్టి పైకి వెళ్ళడం జబ్బు కాదు, మాటిమాటికీ వెళ్ళడం నీళ్ళలో ఆక్సిజన్ చాలడం లేదని చెప్పడం. వేడి నీళ్ళు ఆక్సిజన్ని తక్కువ పట్టుకుంటాయి. గాలి పంపు రాత్రి కూడా నడపండి.

నైట్‌షిఫ్ట్ | ఏప్రిల్ 21, సాయంత్రం 4:00

కరెంటు పోతే? మాకు నిన్న నాలుగు గంటలు లేదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి కొనిపెట్టుకోండి. క్యానిస్టర్ ఫిల్టర్ వాడేవాళ్ళు కరెంటు రాగానే అలాగే ఆన్ చేయొద్దు. గంటల తరబడి మూసి ఉన్న డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి నీళ్ళు కుళ్ళుతాయి. ముందు ఆ నీళ్ళు పారబోయాలి. ఇది నేను ఆరు టెట్రాలు పోగొట్టుకుని నేర్చుకున్నది.

కొత్త_తొట్టి | ఏప్రిల్ 22, ఉదయం 7:05

ఫ్యాన్‌తో పొద్దున్నకి 30కి దిగింది. గాలి మింగడం తగ్గింది. మా అత్తగారు ‘మనుషులకి కూలర్ పాతదే, చేపలకి కొత్త ఫ్యాను’ అంటున్నారు.

కొత్త_తొట్టి | జూన్ 12, ఉదయం 6:20

అర్జెంట్! నిన్న సాయంత్రం మొదటి పెద్ద వాన. ముసురు పట్టి చల్లబడింది కదా అని రాత్రి పావు వంతు నీళ్ళు మార్చాను, కొత్త నీళ్ళు కొంచెం చల్లగానే ఉన్నాయి. పొద్దున్న లేచేసరికి కోరీలన్నీ గాజు వెంబడి పైకీ కిందికీ పరుగులు. లావుగా ఉన్నదాని వెంట రెండు సన్నవి పడుతున్నాయి. తరవాత అది ఒకదాని పొట్ట దగ్గర మూతి ఆనించి కాసేపు కదలకుండా ఉంది, ఇంగ్లీషు టీ అక్షరంలా. విడిపోయాక చూస్తే కింది రెక్కలు రెండూ దోసిలిలా మూసుకుని, వాటి మధ్య రెండు తెల్ల పూసలు! గాజు దాకా ఈది, మూతితో అక్కడ కాస్త రుద్ది, పొట్ట ఆనించి అంటించేసింది. ఇప్పటికి నలభై పైనే ఉన్నాయి. గప్పీలు వాటి చుట్టూ మూగుతున్నాయి.

పాతబస్తీ_ఫిష్‌రూమ్ | జూన్ 12, ఉదయం 6:31

ముబారక్ మేడమ్! వాన వాసన తగిలితే కోరీలకి అంతే. నా దగ్గర కూడా రాత్రి రెండు ట్యాంకుల్లో పెట్టాయి.

గప్పీలు తినేస్తాయి, కోరీలు కూడా తింటాయి. ఒక గంట ఆగండి, గుడ్లు గట్టిపడతాయి, అప్పుడు తీయాలి. పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా గీకితే ఊడొస్తాయి. చిన్న డబ్బాలో అదే ట్యాంక్ నీళ్ళు, గాలి రాయి సన్నగా, మిథిలీన్ బ్లూ రెండే చుక్కలు, లేత నీలం చాలు. తెల్లగా బూజు పట్టినవి రోజూ ఏరేయండి. మూడు నుంచి అయిదు రోజుల్లో పిల్లలు. మొదటి రెండు రోజులు మేత వద్దు, పొట్ట కింది సొన తింటాయి. తరవాత మేతకి ఆర్టీమియా (కంటికి ఆనీ ఆనని రొయ్య లాంటి పురుగు) పిల్లలు నేను ఇస్తా, వచ్చి తీసుకోండి.

బాదమాకు | జూన్ 12, ఉదయం 6:50

గుడ్లు అంటుకున్న గాజు వైపు ఎండ పడకుండా చూడండి.

కొత్త_తొట్టి | జూన్ 12, ఉదయం 8:05

కార్డు దొరక్క మా వారి ఆఫీసు పాత ఐడీ కార్డుతో తీశాను. పాప లెక్కపెట్టింది, యాభై మూడు. స్కూలు బస్సు వెళ్ళిపోయింది. ఇవాళ బడికి సెలవు అంటోంది.